దత్తాంశశాస్త్రము – మారుచున్న పరిశోధనారీతి



నలోపాఖ్యానము మనలో వినని వారుండరు. దమయంతి ధైర్యమును, ఆమె బుద్ధికౌశలమును మనము తరచుగా తలంచుకొందుము గాని, ఆ కథలో ఋతుపర్ణ మహారాజు తాండ్రచెట్టును జూచి చేసిన లెక్కను అంతగా పట్టించుకొనము. రథము వేగముగా పోవుచుండగా ఆ రాజు దారిప్రక్కనున్న చెట్టును జూచి, దాని ఆకు లెన్నియో కాయ లెన్నియో యిట్టే చెప్పెను. సారథియై యున్న బాహుకుడు ఆ మాట నమ్మి యూరకుండలేదు. రథము నిలిపి, చెట్టును పడగొట్టి, కాయలు లెక్కించి చూచెను. లెక్క సరిపోయిన పిమ్మటనే ఆ విద్యను తనకు నేర్పుమని యడిగెను. చూపుతోనే లెక్క చెప్పగల నేర్పు ఒకటి. చెప్పినదానిని మరల లెక్కించి చూచు నోర్పు మరియొకటి. ఈ రెండును గూడినప్పుడే అది విద్య యనిపించుకొనును.

నేడు దేశదేశముల పరిశోధనాలయములలో ఋతుపర్ణుని విద్యను బోలిన యొక నూతనవిద్య ప్రవేశించినది. దానిని డేటా సైన్సు అందురు. తెలుగున దత్తాంశశాస్త్రమని వ్యవహరించుచున్నారు. దత్తాంశమనగా చూచి, కొలిచి, అడిగి, వ్రాసిపెట్టిన సంగతి. రోగి జ్వరము, పొలమున కురిసిన వాన, నక్షత్రపు వెలుగు, ఇంటికి వచ్చిన అధికారితో మనము చెప్పిన వయస్సు, ఇవన్నియు దత్తాంశములే. వీనిని కోట్లకొలదిగా కంప్యూటరునందు పోగుచేసి, వానిలో దాగియున్న క్రమమును వెదకి తీయుట ఈ శాస్త్రము పని.

మన పిల్లలు కళాశాలలలో దీనిని నేర్చుకొనుటకై ఆత్రపడుచున్నారు. మంచి ఉద్యోగము వచ్చునని తండ్రులు సంతోషించుచున్నారు. ఇది యెటువంటి విద్యయో గృహిణులకు విప్పిచెప్పువారు మాత్రము తక్కువ. మనకేల యని త్రోసివేయదగిన విషయము కాదిది. ఈ శాస్త్రమునకు ముడిసరుకు మన బ్రతుకులే. మన బరువు, మన జబ్బు, మన పనిగంటలు, మన పిల్లల ఎత్తు, వీనిని బట్టియే రేపటి మందులును రేపటి చట్టములును ఏర్పడనున్నవి. కావున ఆ లెక్కలో మనము చేరితిమా లేదా, చేరిన యెడల సరిగా చేరితిమా యనునది మనము అడుగవలసిన ప్రశ్న.

ముందు ప్రశ్న, తరువాత లెక్క

క్రొత్తపద్ధతి తెలియుటకు ముందు పాతపద్ధతి తెలియవలెను. దీనికి తేనీటి కథ యొకటి చక్కని నిదర్శనము.

ఇంగ్లాండులోని రోథామ్‌స్టెడ్ అను వ్యవసాయ పరిశోధనాలయమున రోనాల్డ్ ఫిషర్ అను గణితవేత్త పనిచేయుచుండెను. 1920 తరువాతి తొలియేండ్ల మాట. ఆయన యొకనాడు మ్యూరియల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలికి టీ అందింపగా, ఆమె వలదనెను. కప్పులో ముందు పాలు పోసి తరువాత టీ పోసినచో నొక రుచి, ముందు టీ పోసి తరువాత పాలు పోసినచో మరియొక రుచి యనియు, ఆ భేదము తనకు తెలియుననియు ఆమె చెప్పెను. వంటయింటి అనుభవముగల మనము ఆ మాటకు నవ్వము. పోపు ముందు వేసినచో నొక రుచి, చివర వేసినచో మరియొక రుచి యని మనకు తెలియదా? ఫిషరు మాత్రము దానిని పరీక్షింపదగిన ప్రశ్నగా గ్రహించెను.

తరువాత 1935లో ప్రకటించిన తన గ్రంథమున ఆయన ఆ పరీక్షను వివరించెను. 8 కప్పులు సిద్ధము చేయవలెను. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. ఏది ముందు అందింపవలెనో చీట్లు వేసినట్లు అదృష్టమునకు విడువవలెను. పాలు ముందు పోసిన నాలుగింటిని ఆమె ఏరవలెను. 8 కప్పులనుండి నాలుగింటిని ఏరుటకు 70 విధములు గలవు. ఏమియు తెలియక గ్రుడ్డిగా ఏరినచో అన్నియు సరిపోవుట 70లో ఒక పర్యాయము మాత్రమే తటస్థించును. కావున ఆమె నాలుగింటిని సరిగా ఏరినచో అది అదృష్టము గాదు, ఎరుకయేయని చాలవరకు నమ్మవచ్చును.

ఇందు క్రమమును గమనింపుడు. మొదట ప్రశ్న పుట్టినది. ఆ ప్రశ్నకొరకే కప్పులు పేర్చిరి. ఆ కప్పుల ఫలితమునే వ్రాసికొనిరి. రెండుమూడు తరములవారు పంటలు, ఎరువులు, మందులు, టీకాలు అన్నింటిని ఈ క్రమముననే పరీక్షించిరి.

ఈ ఫిషరు శిష్యులలో నొకరు మన తెలుగువారు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో హడగళిలో జన్మించిరి. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పట్టము పొంది, 1941లో కలకత్తాలోని భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. కొలతలను బట్టి చేయు అంచనా ఎంతవరకు కచ్చితము కాగలదో, ఏ హద్దును దాటజాలదో ఆయన 1945లో నిరూపించిరి. ఆ హద్దు నేటికిని ఆయన పేరిట ప్రపంచమంతట బోధింపబడుచున్నది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును పొంది, ఆ యేటనే ఆగస్టులో, 102 ఏండ్ల వయస్సున పరమపదించిరి. ఇంతటివాడు తన విద్యకు మూలమెవరని చెప్పెనో వినుడు. చిన్నతనమున ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు తన్ను లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించి పెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారికి తాను ఋణపడితినని ఆయన తన గ్రంథమున కృతజ్ఞతతో వ్రాసికొనెను. ఆ దీపము వెలుగు నేటి దత్తాంశశాస్త్రము వరకు ప్రసరించినదనుట అతిశయోక్తి గాదు.

ముందు లెక్క, తరువాత ప్రశ్న

ఇప్పుడు మారినదేమనగా ఆ క్రమము. నేటి పరిశోధకుడు పెక్కుసారులు ప్రశ్నతో బయలుదేరడు. ఎవరో ఎప్పుడో మరియొక పనికై వ్రాసిపెట్టిన రాశి ముందు కూర్చుండి, “దీనిలో ఏమున్నది?” అని యడుగును.

ఉపాధ్యాయుని గృహమున హాజరుపట్టీలు నిత్యదర్శనములు గదా, వానినే ఉదాహరణముగా గొందము. హాజరుపట్టీ పెట్టినది ఈ దినము ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అని తెలియుటకే. ఇరువదియేండ్ల పట్టీలను, పది జిల్లాల పట్టీలను ఒకచోట చేర్చినచో, వానిని వేరు ప్రశ్నలడుగవచ్చును. మిరపకాయ కోతల దినములలో బాలికల హాజరు బాలుర హాజరుకంటె ఎక్కువగా తగ్గుచున్నదా? నీళ్లకుళాయి వచ్చిన యూరిలో బాలికలు ఎక్కువ దినములు బడికి వచ్చుచున్నారా? పట్టీ వ్రాసిన ఉపాధ్యాయునికి ఈ ప్రశ్నలు కలలోనైన తోచియుండవు. అయినను ఆయన వ్రాసిన చిన్న గీతయే వానికి ఉత్తరము చెప్పును.

ఈ రీతివలన కలిగిన మహాఫలమును ఒక దానిని చెప్పెదను. మన శరీరమున జరుగు పనులన్నియు ప్రోటీనులను పదార్థములచేత జరుగుచున్నవి. ఇరువది విధములైన చిన్నపూసలను గ్రుచ్చి చేసిన దండవంటిది ప్రోటీను. ఆ దండ ముడుచుకొని యొక ఆకారము దాల్చును. తాళపుచెవికి ఆకారమెట్టిదో ప్రోటీనుకు ఆకారమట్టిది. ఆకారము తెలిసిననే అది చేయు పని తెలియును, దానికి సరిపడు మందును ఊహింపవచ్చును. మధుమేహరోగులకు ఇచ్చు ఇన్సులిను గూడ 51 పూసలుగల చిన్న ప్రోటీనే.

ఆ ఇన్సులిను ఆకారమును కనుగొన్నది ఒక స్త్రీ. ఇంగ్లాండు దేశస్థురాలైన డొరొతీ హాడ్జ్‌కిన్ 1935లో ఇన్సులిను స్ఫటికమునకు తొలి ఎక్స్‌రే చిత్రమును ప్రకటించెను. దాని సంపూర్ణాకారమును తెలిపినది 1969లో. నడుమ 34 ఏండ్లు గడచినవి. ఆమె ముగ్గురు బిడ్డల తల్లి. కీళ్లవాతముచే చేతివ్రేళ్లు వంకరపోయినను పని విడువలేదు. పెనిసిలిను, బి12 విటమిను మున్నగువాని నిర్మాణమును తెలిపినందుకు 1964లోనే నోబెల్ బహుమానమందెను. ఒక్క చిన్న దండ ముడిని విప్పుటకు అంతటి ప్రజ్ఞావతికి అన్ని యేండ్లు పట్టెనన్నచో, కోట్లకొలది ప్రోటీనుల మాట ఏమి?

1971లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు ప్రోటీనుల ఆకారములను భద్రపరచుటకు ఒక భాండారమును స్థాపించిరి. మొదట దానిలో నున్నవి 7 మాత్రమే. నానాదేశములవారు తాము శ్రమించి తెలిసికొన్న ఆకారములను అందు జమచేయుచు వచ్చిరి. ఎవరైనను ఉచితముగా చూచుకొనవచ్చును. అట్లు జమయైన ఆకారములు సరిగా నున్నవో లేవో పరిశీలించుటకు, మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ గారును వారి సహచరులును 1963లో ప్రకటించిన పటము నేటికిని వాడుకలో నున్నది. ఏబదియేండ్లలో ఆ భాండారము లక్షా డెబ్బదివేల ఆకారములను మించినది.

దత్తాంశశాస్త్రజ్ఞులు ఈ నిధి ముందు కూర్చుండిరి. పూసల వరుసకును ముడి ఆకారమునకును గల సంబంధమును ఈ ఉదాహరణములనుండి కంప్యూటరుకు నేర్పిరి. డీప్‌మైండ్ అను సంస్థవారు చేసిన ఆల్ఫాఫోల్డ్ అను సాధనము 2020లో జరిగిన పోటీలో, చాల ప్రోటీనుల ఆకారమును ప్రయోగశాలలో కనుగొన్నదానికి దగ్గరగా చెప్పగలిగెను. 2022 జూలై నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీనుల ఆకారములను లెక్కగట్టి లోకమునకు ఉచితముగా అందించిరి. 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానములో సగము ఈ పనికై డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ అనువారికి లభించినది. తక్కిన సగము, కొత్త ప్రోటీనులను రూపకల్పన చేసిన డేవిడ్ బేకర్‌కు లభించినది.

ఇది యంత్రపు మహిమ యని కొందరందురు. అది సగము నిజము. ఏబదియేండ్లపాటు వేలమంది తమ శ్రమఫలమును శ్రద్ధగా వ్రాసి, నలుగురికి అందుబాటులో నుంచకపోయినచో యంత్రము నేర్చుకొనుటకు ఏమియు లేకపోయెడిది. మరియొక సంగతి. ఆల్ఫాఫోల్డ్ చెప్పునది అంచనా. తన అంచనాలోని యే భాగమును ఎంతవరకు నమ్మవచ్చునో అంకెతో సహా అదియే చెప్పును. మందు చేయువారు దానిని ప్రయోగశాలలో మరల పరీక్షింపవలసినదే. చెట్టును జూచి లెక్క చెప్పువాడు వచ్చినను, కాయలు లెక్కించువాని అవసరము తీరలేదు.

చెరుగుట, జల్లించుట

ఈ శాస్త్రమున శ్రమయంతయు యంత్రముదని తలంపరాదు. దత్తాంశములు పొలమునుండి వచ్చిన ధాన్యమువంటివి. అందు తాలు ఉండును, మట్టిబెడ్డలు ఉండును. చేటతో చెరిగి, జల్లించి, రాళ్లేరినగాని వంటకు పనికిరావు. ఒక ఆసుపత్రిలో లక్ష్మి యని వ్రాసినదానిని మరియొకచోట లక్ష్మమ్మ యని వ్రాసిన యెడల, యంత్రము ఒక్క మనిషిని ఇద్దరుగా ఎంచును. ఒకరు జ్వరమును ఫారెన్‌హీటు లెక్కన 100 అని వ్రాయుదురు, మరియొకరు సెంటీగ్రేడు లెక్కన 38 అని వ్రాయుదురు. ఒకచోట వయస్సు వ్రాయక సున్న చుట్టినచో, ఏబదియేండ్ల స్త్రీ పురిటిబిడ్డ యగును. ఈ శాస్త్రమభ్యసించువారి కాలము చాలభాగము ఈ చెరుగుటయందే గడచును.

యంత్రమే రాళ్లు కలిపిన సందర్భమును గూడ వినుడు. మానవుని జన్యువులలో కొన్నింటికి శాస్త్రజ్ఞులు పెట్టిన పొట్టిపేర్లు ఇంగ్లీషులో మార్చి, సెప్టెంబరు నెలల పేర్లవలె కనబడుచుండెను. లెక్కలు వేసికొను సామాన్యమైన కంప్యూటరు పట్టికలో ఆ పేరు వ్రాయగానే, యంత్రము దానిని తేదీ యని భావించి తనంతట తానే మార్చివేయుచుండెను. 2016లో పరీక్షింపగా, ఇట్టి పట్టికలను జతపరచిన జన్యుపరిశోధనా వ్యాసములలో సుమారు అయిదింట నొకదానిలో ఈ దోషము కనబడినది. కడపటికి 2020లో ఆ జన్యువులకే పేర్లు మార్చవలసివచ్చెను. యంత్రమును దిద్దలేక మానవుల జన్యువులకు మరల నామకరణము చేసిరన్నమాట!

మిథునరాశివారికి మందు పనిచేయదా?

రాళ్లేరిన తరువాతను ప్రమాదము పోదు. రాశి పెద్దదైనకొలది దానిలో లేని క్రమము గూడ ఉన్నట్లు భ్రమగొలుపును.

1988లో గుండెపోటు రోగులను గూర్చిన యొక మహాపరీక్ష ఫలితము వెలువడినది. 17,187 మంది రోగులు అందు పాల్గొనిరి. నెలదినములు రోజునకు కొద్దిపాటి ఆస్పిరిన్ ఇచ్చినచో, మొదటి అయిదువారములలో గుండె, రక్తనాళముల జబ్బుచే కలుగు మరణములు నూటికి 23 వంతున తగ్గినవని తేలెను. ఆ పరిశోధకులే మరియొక పని గూడ చేసిరి. రోగులను వారి పాశ్చాత్య జన్మరాశులనుబట్టి విభజించి చూచిరి. చూడగా, మిథున తులారాశులలో పుట్టినవారికి ఆస్పిరిన్ మేలు చేయకపోగా కొంచెము కీడు చేసినట్లు కనబడెను! తక్కిన రాశులవారికి మేలు స్పష్టముగా నుండెను.

ఇది జ్యోతిశ్శాస్త్రమును స్థాపించుటకు చేసినది కాదు. దత్తాంశములను ముక్కలుముక్కలుగా కోసి చూచినచో ఎట్టి యపహాస్యమైన ఫలితమైనను కనబడునని హెచ్చరించుటకు బుద్ధిపూర్వకముగా చేసినది. దీని రహస్యము తేలిక. ఉత్తగా తటస్థించుట 20లో ఒక పర్యాయమునకు మించకున్నచో ఆ ఫలితమును పరిగణింపవచ్చునని శాస్త్రజ్ఞులలో నొక యాచారము కలదు. ఒక్క ప్రశ్న అడిగినప్పుడు ఈ యాచారము మంచిదే. నిజముగా ఏ సంబంధమును లేని 20 ప్రశ్నలను అడిగిన యెడల, అందొకటైనను ఉత్తపుణ్యమునకు నిజమువలె కనబడు అవకాశము నూటికి 64 వంతులు. కంప్యూటరు క్షణములో 20 గాదు, 20 వేల ప్రశ్నలు అడుగగలదు. అప్పుడెన్ని మిథునరాశులు పుట్టునో ఊహింపుడు.

మరియొక విధమైన భ్రమయు కలదు. గూగుల్ సంస్థవారు 2008లో, జనులు జ్వరము దగ్గు మున్నగు మాటలను ఎంతగా వెదకుచున్నారో చూచి, ఇన్‌ఫ్లుయెంజా ఎంతగా వ్యాపించినదో వైద్యులకంటె ముందే చెప్పుదుమనిరి. మొదట లోకము అబ్బురపడెను. 2012–13 శీతకాలమున వారి అంచనా, వైద్యుల లెక్కకు సుమారు రెండింతలై తేలెను. వార్తలు చదివి భయపడి వెదకువారికిని నిజముగా జబ్బుపడి వెదకువారికిని భేదము యంత్రమునకు తెలియలేదు. 2015లో ఆ ప్రయత్నమును మానుకొనిరి. మేఘము కనబడినంతనే వడియములు ఎత్తివేయుదుము గాని, ప్రతి మేఘమును వర్షింపదని మనకు తెలియును. ఆ తెలివియే ఆ యంత్రమునకు లోపించినది.

ఇందులకు పండితులు కొన్ని కట్టుబాట్లు ఏర్పరచుకొనుచున్నారు. దత్తాంశములు చూడకముందే తమ ప్రశ్నను బహిరంగముగా వ్రాసిపెట్టుదురు. రాశిని రెండుగా భాగించి, ఒక భాగమున క్రమమును వెదకి, ముట్టకుండ దాచిన రెండవ భాగముపై దానిని సరిచూతురు. తమ దత్తాంశములను, లెక్కగట్టిన విధానమును నలుగురి ముందుంచి, మరల లెక్కించి చూచుకొనుడని యందురు. ఇవన్నియు బాహుకుని ఓర్పును శాస్త్రధర్మముగా చేసికొనుటయే.

లెక్కకెక్కని స్త్రీలు

ఇక మనకు మిక్కిలి సన్నిహితమైన విషయము. ఉన్న దత్తాంశములను చెరుగవచ్చును, సరిచూడవచ్చును. అసలు వ్రాయనే వ్రాయని దానిని ఏ శాస్త్రము వెదకి తీయగలదు?

అమెరికాలో 1977 మొదలు 1993 వరకు, బిడ్డలను కనగల వయస్సులోనున్న స్త్రీలను కొత్తమందుల తొలిపరీక్షలలో చేర్చరాదను నిబంధన యుండెను. గర్భస్థశిశువునకు అపాయము కలుగునను భయమే దానికి కారణము. ఉద్దేశము మంచిదే గాని, ఫలితము మాత్రము మనకు మందులొచ్చినను మన కొలతలు రాకపోవుట. జోల్పిడెమ్ అను నిద్రమాత్రకు 1992లో ఆ దేశమున అనుమతి లభించినది. స్త్రీపురుషులకు ఒకే మోతాదు, 10 మిల్లిగ్రాములు. ఆ మందు స్త్రీల శరీరమునుండి మెల్లగా పోవుననియు, అది పుచ్చుకొన్న ఎనిమిది గంటల తరువాత గూడ స్త్రీలలో నూటికి సుమారు 15 మందికి, పురుషులలో నూటికి సుమారు ముగ్గురికి, వాహనము నడుపుటకు ప్రమాదకరమైనంత మందు రక్తములో మిగిలియుండుననియు పిమ్మట తేలెను. 2013 జనవరిలో గాని స్త్రీల మోతాదును సగమునకు, అనగా 5 మిల్లిగ్రాములకు తగ్గింపలేదు. ఇరువదియేండ్లకు పైగా ఎందరు స్త్రీలు తెల్లవారి మత్తుతో బండ్లు నడిపిరో!

కంప్యూటరుకు మనము చూపినదే లోకము. 2018లో జాయ్ బువోలమ్‌వీని, తిమ్నిత్ గెబ్రు అను నిరువురు యువతులు, ముఖమును జూచి స్త్రీయో పురుషుడో చెప్పునట్టి మూడు కంపెనీల సాధనములను పరీక్షించిరి. తెల్లని మేనిచాయగల పురుషుల విషయమున తప్పు నూటికి ఒకటికి మించలేదు. నల్లని మేనిచాయగల స్త్రీల విషయమున ఒక సాధనము నూటికి 34కు పైగా తప్పులు చేసెను. అట్టి సాధనములను మలచునప్పుడు, పరీక్షించునప్పుడు చూపిన చిత్రములలో తెల్లనివారును మగవారునే ఎక్కువగా నుండుట దీనికి పెద్దకారణము. యంత్రమునకు ద్వేషము లేదు, కాని చూడనివారిని గుర్తించుటకు చూపును లేదు.

మన దేశపు మాట చూతము. ఇంటిపని మాత్రమే చేయు స్త్రీలను మన జనగణనలో పనిచేయనివారి వరుసలో వ్రాయుచు వచ్చిరి. తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువరకు నడుము వాల్చని గృహిణి, కాగితముపై పనిలేనిది. కేంద్రప్రభుత్వము వారు 2019లో దేశమంతట, ఎవరు దినములో ఏ పనికి ఎంతకాలము వినియోగించుచున్నారో అడిగి వ్రాయించిరి. జీతములేని ఇంటిపనిచేయు స్త్రీలు దానికి దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చింపగా, అట్టి పనిచేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారని తేలెను. 2024లో మరల అడుగగా స్త్రీలకు 289, పురుషులకు 88 నిమిషములు. మనకందరకు తెలిసినదే గదా, దీనికొక లెక్క యేల యని నవ్వవచ్చును. తెలిసినది వేరు, వ్రాసినది వేరు. వ్రాసిన పిమ్మటనే పండితులు దానిపై పరిశోధన చేయగలిగిరి. గ్యాసుపొయ్యి, నీళ్లకుళాయి, శిశుసంరక్షణగృహము, వీనివలన ఎన్ని నిమిషములు మిగులునో అడుగుటకు ఆధారము దొరకెను.

మన మాటయే మూలధనము

దీనినిబట్టి తేలున దేమి? ముందు ప్రశ్న పుట్టిన కాలమున పరిశోధకుడే దత్తాంశముల కాపరి. తన కప్పులను తానే పేర్చుకొనెను. ముందు లెక్క పుట్టుచున్న యీ కాలమున, లెక్క వ్రాసినవారును చెప్పినవారును పరిశోధకుని ఎన్నడును ఎరుగరు. ఆయన వారిని ఎరుగడు. మన గుమ్మమున నిలిచి చెప్పిన యొక్క మాట పదియేండ్ల తరువాత మరియొక దేశమున మరియొక ప్రశ్నకు ఉత్తరమై నిలుచును. కావున ఈ శాస్త్రపు సత్యము యంత్రముకంటె ఆ గుమ్మముపై ఎక్కువగా ఆధారపడియున్నది.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 7,24,115 మంది స్త్రీలు తమ ఇండ్లలో కూర్చుండి ప్రశ్నలకు ఉత్తరము లిచ్చిరి. వేలికొన నుండి రక్తపుచుక్కలు పరీక్షకిచ్చిరి. 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి దాదాపు 59 మంది, తెలంగాణమున దాదాపు 58 మంది రక్తహీనతతో నున్నట్లు ఆ సర్వే తెలిపినది. పేర్లు తొలగించిన ఆ దత్తాంశములను నేటికిని ఎందరో పరిశోధకులు తెచ్చుకొని కొత్త ప్రశ్నలు వేయుచున్నారు. ఆ సోదరీమణులకు వారెవ్వరును తెలియరు.

మరి మనము చెప్పుచున్నది సరిగా నున్నదా? మన జనగణన పట్టికలలో వయస్సుల వరుస చూచినచో, 30, 35, 40 అను అంకెలయొద్ద జనులు గుట్టలుగా నుందురు. వాని ప్రక్కనున్న 31, 34, 39 ఏండ్లవారు వెలవెలబోవుదురు. ఆ యేండ్లలోనే జనులు ఎక్కువగా పుట్టలేదు. “ముప్పదియైదు వ్రాసికొనుడు” అని మనము గుండుగుత్తగా చెప్పుటవలన వచ్చిన వికారమిది. పోయిన పసిబిడ్డను గూర్చి చెప్ప మనసొప్పక, పిల్లలు ఇద్దరేయని తల్లి చెప్పిన యెడల శిశుమరణముల లెక్క తగ్గును. రక్తమెక్కువగా పోవుచున్నదని చెప్పుటకు సిగ్గుపడి ఆరోగ్యముగా నున్నానన్నచో ఆ జబ్బు మన యూర లేనట్లే యగును. తాను పాలుపితికి, కుట్టుపనిచేసి సంపాదించుచున్నను “మా ఆవిడ ఇంటిలోనే యుండును” అని భర్త చెప్పగా తలయూచినచో, ఆమె శ్రమ దేశపు లెక్కనుండి జారిపోవును. తరువాత వచ్చు యంత్రమెంత గొప్పదైనను ఈ జారిపోయిన వానిని ఏరి తేలేదు.

2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా గొని జనగణన జరుపుదుమని ప్రభుత్వమువారు 2025 జూన్‌లో ప్రకటించిరి. అట్టి సమయములందు ఇంటిలోని యొకరి నోటనే అందరి ఉత్తరములు రాకుండ, స్త్రీలు తమ సంగతి తామే చెప్పుట మేలు. జననపత్రమునుబట్టి వయస్సు చెప్పుడు. బిడ్డలకు వేసిన టీకాలు, వారి బరువు వ్రాసిన పుస్తకమును భద్రముగా నుంచుడు. డాక్టరు వ్రాసియిచ్చిన చీటీలను, రక్తపరీక్ష కాగితములను పోపులడబ్బా క్రింద నలగనీయక తేదీలవారీగా దాచుడు. మందువలన బాధ కలిగినచో, ఏ దినము, ఎంత మోతాదు, ఏమి బాధ యని వ్రాసి వైద్యునికి చూపుడు.

అయితే అడిగినవారి కెల్లరకు అన్నియు చెప్పవలెనని దీని భావము కాదు. ఫోనునందు ఊరుపేరు తెలియనివారు అడిగిన సంగతులకు ఉత్తరమీయ నవసరము లేదు. ప్రజల సొంతసంగతుల రక్షణకై 2023లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. మీరెవరు, ఇది దేనికి, నా పేరు ఎవరికి తెలియును అని అడుగుట మర్యాదకు లోపము కాదు. సరియైన పరిశోధకుడు ఆ ప్రశ్నకు సంతోషించును. నిజము చెప్పుట మన ధర్మమైనచో, ఎందుకని యడుగుట మన హక్కు.

ఇంటిలో ఈ విద్యను చదువుచున్న కుమార్తెయో కోడలో ఉన్నయెడల ఆమెనొక మాట అడుగుడు: “నీవు లెక్కగట్టుచున్న రాశిలో మనవంటి వారున్నారా?” అని. లేరని ఆమె చెప్పినచో, వారిని చేర్చుటకు ఏమి చేయవలెనో వెదకుమనుడు. ఉన్నారన్నచో, వారు చెప్పినది సరిగా వ్రాసిరో లేదో మరియొకమారు చూడుమనుడు. గణితము రాని తల్లియైనను అడుగదగిన ప్రశ్నలివి. వీనికి ఉత్తరము వెదకు బిడ్డయే ఈ విద్యకు అర్హురాలు.